కొండ గింజ... పల్లం బెల్లం!

బేక్డ్ బీన్స్... పేరు వింటే ఎక్కడో ఇంగ్లండులోనో అమెరికాలోనో టిన్నుల్లో దొరికే వంటకమే గుర్తొస్తుంది. కానీ దానికి కావలసిన గింజలు మాడుగుల పైనున్న కొండల్లో పండుతాయి. బెల్లం కింద అనకాపల్లిలో దొరుకుతుంది. ఇక కావలసిందల్లా కాస్త ఓపిక, వంటలో ఓ చిన్న వరస!

మాడుగుల అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పులియనిచ్చి, నెయ్యీ పంచదారా చేర్చి, పొయ్యి మీద గంటల తరబడి కలిపితేగానీ ఆ రుచి రాదు. వందేళ్లు దాటినా ఆ హల్వాకి పేరు తగ్గలేదంటే కారణం అందులో పడే సరుకు ఒక్కటే కాదు, దాని వెనకున్న ఓపిక కూడా. నిప్పుని తొందరపెట్టకూడదన్న సంగతి ఆ ఊరికి బాగా తెలుసు.

అదే మాడుగుల మీదుగా మరో రుచి కూడా వెళ్తుంటుంది. కాకపోతే దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గరికిబంద దాటి ఘాట్‌రోడ్డు ఎక్కితే పాడేరు. ఆ కొండల మీంచి కాఫీ, మిరియాలు, పసుపు, అల్లం, పిప్పళ్లతోపాటు చలికాలంలో రాజ్మా గింజల బస్తాలూ కిందికి దిగుతాయి. ఎర్రవి, తెల్లవి, చారల చారలవి... చూడ్డానికి గులకరాళ్లలా నున్నగా మెరుస్తుంటాయి. అలా దిగినవాటిలో చాలా భాగం వ్యాపారుల చేతుల మీదుగా దూరప్రాంతాలకు వెళ్లిపోతాయి. ఉత్తరాదిలో రాజ్మా-చావల్‌గా పళ్లెంలోకి చేరతాయి. కొండ కిందున్న మనం మాత్రం కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పుల దగ్గరే ఆగిపోయాం.

ఇక రెండో సరుకు బెల్లం. దాని గురించి ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. 1913లోనే అక్కడ వ్యవసాయ పరిశోధన స్థానం మొదలైందంటే, చెరకుతో ఆ నేలకున్న అనుబంధం ఎంతటిదో ఊహించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ, మాడుగుల అనకాపల్లి జిల్లాలోకీ వెళ్లాయి. గింజ ఒక జిల్లాది, బెల్లం ఒక జిల్లాది అయింది. అయితేనేం, పొయ్యి మీదికెక్కాక జిల్లాలతో పనేముంది?

ఆ గింజనీ ఈ బెల్లాన్నీ ఒక గిన్నెలో వేసి, కాస్త ఆవపొడి, కాస్త పులుపు చేర్చి, సన్నటి సెగ మీద మగ్గనిస్తే వచ్చేదే... ప్రపంచమంతా ఇష్టంగా తినే బేక్డ్ బీన్స్!

శనివారం కుండ... ఆదివారం విందు

ఈ వంటకం పుట్టుక వెనక పెద్ద కథే ఉంది. మనం రాజ్మా అనే గింజ అసలు పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికో ప్రాంతంలోనూ, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లోనూ అక్కడి ఆదివాసులు వేల ఏళ్ల కిందటే దీన్ని సాగుచేశారు. మొక్కజొన్న, గుమ్మడి, చిక్కుడు... మూడింటినీ ఒకే చేలో కలిపి వేసేవారు. మొక్కజొన్న కాండం చిక్కుడు తీగకి ఊతమిస్తే, గుమ్మడి ఆకులు నేలని కప్పి కలుపు పెరక్కుండా చూసేవి. ఆ మూడింటినీ ఉత్తర అమెరికా ఆదివాసుల్లో కొందరు ముగ్గురు అక్కచెల్లెళ్లుగా చెప్పుకునేవారు. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాత మిరప, టొమాటో, బంగాళాదుంపల్లాగే ఈ గింజ కూడా సముద్రాలు దాటి ఐరోపాకీ, అక్కణ్నుంచి మిగతా దేశాలకీ చేరింది.

అమెరికాలోని ఈశాన్య ప్రాంతానికి వలసవెళ్లిన ఇంగ్లిషువాళ్లలో ప్యూరిటన్లు అనే క్రైస్తవులు ఉండేవారు. నియమనిష్ఠలు ఎక్కువ. శనివారం పొద్దుగూకింది మొదలు ఆదివారం సాయంత్రం దాకా ఏ పనీ చేయకూడదు, వంట కూడా! మరి ఇంటిల్లిపాదికీ తిండెలా? అందుకని శనివారమే మట్టికుండలో గింజలు, కాస్త ఉప్పుకండ, తీపి వేసి మూతపెట్టి ఇటుక పొయ్యిలో ఉంచేసేవారు. పొయ్యి వేడికి అవి గంటల తరబడి నిదానంగా మగ్గేవి. ఆ రాత్రి కొంత, మర్నాడు కొంత తినేవారు. పొయ్యిలోనే ఉంచేవారు కాబట్టి ఆదివారం పొద్దున్న కూడా కుండ వెచ్చగానే ఉండేది.

ఆ తీపి ఎక్కడిదంటే, మొలాసిస్. అంటే చెరకురసం నుంచి పంచదార తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం. కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చెరకు నుంచి వచ్చిన మొలాసిస్ ఓడల్లో బోస్టన్ రేవుకి చేరేది. పంచదారకన్నా చవక కావడంతో గింజల కుండలోకీ అదే పడింది. అలా బోస్టన్ నగరానికి ‘బీన్‌టౌన్’ అన్న ముద్దుపేరూ వచ్చింది. ఒక కమ్మటి వంటకం వెనక అంత చేదు చరిత్ర ఉందన్నమాట.

టిన్నుల సంగతికొస్తే... హైంజ్ బేక్డ్ బీన్స్ 1886లో లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణంలో మొదటిసారి అమ్మకానికొచ్చాయి. అప్పట్లో అది గొప్పింటి తిండి! తర్వాత్తర్వాత ధర తగ్గి కార్మికుల ఇళ్లకి చేరింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ ప్రభుత్వం దాన్ని అత్యవసర ఆహారాల జాబితాలో చేర్చింది. 1959లో విగాన్ పట్టణంలో పెద్ద కర్మాగారమే వెలిసింది. ఇంతకీ తమాషా ఏమిటంటే, పేరులో ‘బేక్డ్’ అని ఉన్నా ఇప్పుడు టిన్నుల్లో వచ్చే గింజల్ని పొయ్యిలో కాల్చరు. టొమాటో సాస్‌తో కలిపి టిన్నులో మూసేసి, ఆ టిన్నుతోపాటే ఆవిరి వేడికి ఉడికిస్తారు. అంటే ఆ పేరుకి తగ్గట్టు అసలు పద్ధతిలో తినాలంటే ఇంట్లో చేసుకోవాల్సిందే!

చదువుకోసం ఇంగ్లండు వెళ్లిన మన పిల్లలకి ఈ టిన్ను బాగా పరిచయం. చలి రాత్రి చదువు ముగించుకుని గదికొచ్చి, రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చి వాటిమీద వేడివేడి గింజలు పోసుకుని తినేస్తే కడుపు నిండుతుంది. ఆ రుచి మరిగిన పిల్లలు ఇంటికొచ్చాక సూపర్‌మార్కెట్లలో దిగుమతి టిన్నుల కోసం వెతుకుతారు. ఆ టిన్ను ధర చూస్తే, అదే డబ్బుకి ఇంటిల్లిపాదికీ సరిపడా గింజలు కొనొచ్చు కదా అనిపించక మానదు.

చల్లటి కొండ... మెచ్చిన పంట

రాజ్మాకి చల్లదనం కావాలి. పగటి ఎండ ముప్ఫై డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. మరీ మంచు పడినా తట్టుకోలేదు. నీరు నిలవకూడదు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్న పాడేరు, ఆ పరిసరాల్లోని చింతపల్లి, అరకు ప్రాంతాలు అందుకే దీనికి అనువుగా కుదిరాయి. వానాకాలం చివర్లో వాలు నేలల్లో గింజ వేస్తారు. చలి ముదిరే వేళకి కాయ ఎండుతుంది. మొక్కల్ని పీకి, ఎండబెట్టి, కర్రలతో కొట్టి గింజ రాలుస్తారు. చింతపల్లిలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన స్థానం కొండప్రాంత పంటల మీద పనిచేస్తోంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి ఉత్పత్తులతోపాటు గిరిజనుల పంటల కొనుగోళ్లలోనూ ఉంది.

కొండరైతుకి రాజ్మా అంటే చేతికి నాలుగు డబ్బులొచ్చే పంట. ధాన్యం, చోళ్లు, సామలు ఇంటి తిండికి. రాజ్మా సంతకి. అయితే సంతలో ధర ఎవరు చెబితే అది. కొనేవాళ్లు కొద్దిమంది, వాళ్లు పంపే ఊళ్లు ఎక్కడో దూరాన. అదే కొండ కిందున్న ఊళ్లలోనే ఈ గింజకి గిరాకీ ఉంటే? మాడుగుల, చోడవరం, అనకాపల్లి, విశాఖల్లో ఇంటికి నెలకో కిలో వాడినా రైతుకి దగ్గర్లోనే మరో బజారు దొరికినట్టవుతుంది. కొనేవాళ్లకీ లాభమే. ఎందుకంటే రాజ్మా రుచి సగం దాని కొత్తదనంలోనే ఉంది. గింజ పాతబడేకొద్దీ గట్టిపడుతుంది. వేడి, తేమ ఉన్నచోట ఏడాదికి పైగా నిల్వ ఉన్న గింజ ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. కొండ దిగిన కొత్త గింజయితే చెప్పినట్టు వింటుంది.

కొనేటప్పుడు పై తొక్క మెరుస్తూ, ముడతలు లేకుండా, అన్నీ ఒకే పరిమాణంలో ఉన్నవి చూసుకోవాలి. టిన్నుల్లో వాడేవి చిన్న తెల్ల గింజలు. అవీ రాజ్మా జాతివే. కాబట్టి తెల్లవి దొరికితే ఆ రుచికి దగ్గరగా వస్తుంది. ఎర్రవైతే రంగూ, చిక్కదనమూ ఎక్కువ. పాతా కొత్తా, ఎరుపూ తెలుపూ కలిపి వండితే మాత్రం కొన్ని చితికిపోతాయి, కొన్ని పలుకుగా మిగిలిపోతాయి.

దాలి ఉండగా ఓవెన్ ఎందుకు?

గంటల తరబడి సన్నటి సెగ మీద మగ్గబెట్టడం మనకేమీ కొత్త కాదు. పల్లెటూళ్లలో పెరట్లో దాలి ఉండేది. నేలలో గుంట తీసి, పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, దానిమీద పాలకుండ పెట్టేవారు. మంట ఉండదు, సెగ మాత్రమే. పొద్దున్న పెడితే సాయంత్రానికి పాలు లేత ఎరుపు రంగులోకి మారి, పైన మందంగా మీగడ కట్టేది. ఉలవలు ఉడికించిన నీళ్లని గంటలకొద్దీ మరగబెట్టి ఉలవచారు కాయడమూ అలాంటి పనే. బోస్టన్ ఇటుక పొయ్యి చేసే పని మన దాలి ఎప్పుడో చేసింది.

తీపీ పులుపూ కలిపిన కూరలు కూడా మనకి అలవాటే. ఉత్తరాంధ్ర ఇళ్లలో గుమ్మడికాయ పులుసులోనో, బెండకాయ పులుసులోనో బెల్లం ముక్క పడకపోతే వంట పూర్తయినట్టు కాదు. ఇక ఆవపెట్టిన కూరల గురించి చెప్పేదేముంది! బేక్డ్ బీన్స్‌లో పడేవి కూడా అవే... తీపి, పులుపు, ఆవ. వాళ్లు మొలాసిస్ వేస్తే మనం బెల్లం. వాళ్లు వెనిగర్ వేస్తే మనం చింతపండు. వాళ్లు పందికొవ్వు వేస్తే మనం నెయ్యి లేదా నువ్వులనూనె. పేరే కొత్త, రుచి పాతదే.

ముందు మరగాలి... తర్వాతే మగ్గాలి

ఈ వంటలో ఒక్క విషయంలో మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. రాజ్మాలో, ముఖ్యంగా ఎర్ర రాజ్మాలో, ఫైటోహీమగ్లుటినిన్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, గంట నుంచి మూడు గంటల్లోపు వికారం, వాంతులు, తర్వాత విరేచనాలు మొదలుకావచ్చు. సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది కానీ పిల్లలూ పెద్దవాళ్లూ బాగా నీరసించిపోతారు. తెల్ల గింజల్లో ఇది తక్కువే అయినా బొత్తిగా లేకపోలేదు.

భయపడాల్సిన పనిలేదు. బాగా మరిగిస్తే అది నాశనమైపోతుంది. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, కళపెళా మరిగేలా అరగంట ఉడికించాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సూచిస్తోంది. చిక్కల్లా సన్నటి సెగతోనే. మరగని వేడి మీద ఈ పదార్థం నశించదు సరికదా, దాని ప్రభావం పెరగవచ్చు కూడా. అందుకే నానిన పచ్చి గింజల్ని నేరుగా దాలిలోనో, కరెంటు స్లో కుక్కర్లోనో, ఓవెన్లోనో పెట్టేయకూడదు. ముందు పెద్దమంట మీద మరగాలి, ఆ తర్వాతే సన్నటి సెగ మీద మగ్గాలి. అన్నట్టు, మన ప్రెషర్ కుక్కర్‌లో వేడి వంద డిగ్రీలు దాటుతుంది కాబట్టి అందులో మెత్తగా ఉడికిన గింజతో ఇబ్బంది లేదు.

వరసలో రెండో సూత్రం రుచికి సంబంధించింది. బెల్లం, చింతపండు, టొమాటో... ఈ మూడూ గింజ పూర్తిగా మెత్తబడ్డాకే వేయాలి. గింజ గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు కరిగితేనే అది మెత్తబడుతుంది. పులుపు ఆ జిగురుని కరగనివ్వదు. బెల్లంలో ఉండే కాల్షియం దాన్ని మరింత గట్టిపరుస్తుంది. ముందే వేసేస్తే నాలుగు గంటలు ఉడికించినా గింజ పలుకుగానే ఉంటుంది. అదే మెత్తబడ్డాక వేస్తే ఈ గుణమే మేలు చేస్తుంది. ఎంతసేపు మగ్గినా గింజ చితికి ముద్దయిపోకుండా, దేనికది విడిగా నిలుస్తుంది. లోపల వెన్నలా, పైన బొద్దుగా ఉండే ఆ గింజ రహస్యం ఇదే!

ఇక ఉప్పు. ‘ఉప్పు వేస్తే పప్పు ఉడకదు’ అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. రాజ్మా విషయంలో నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే తొక్క త్వరగా మెత్తబడుతుంది, చిట్లకుండా ఉంటుంది. ఉప్పులోని సోడియం తొక్కలో ఉన్న కాల్షియం స్థానంలోకి చేరడమే అందుకు కారణం. ఉప్పునీళ్లు ఎలాగూ పారబోస్తాం కాబట్టి కూర ఉప్పగా అవుతుందన్న బెంగ అక్కర్లేదు.

ఇంట్లో చేసేద్దామా!

నలుగురైదుగురికి సరిపడా...

కావలసినవి: రాజ్మా- పావుకిలో, ఉల్లిపాయలు- రెండు (సన్నగా తరగాలి), వెల్లుల్లి- ఆరు రెబ్బలు, బాగా పండిన టొమాటోలు- అయిదు, బెల్లం తురుము- మూడు టేబుల్‌స్పూన్లు, ఆవపొడి- చెంచా, చింతపండు గుజ్జు- టేబుల్‌స్పూను, కారం- చెంచా, మిరియాలపొడి- అరచెంచా, పసుపు- చిటికెడు, నెయ్యి లేదా నువ్వులనూనె- రెండు టేబుల్‌స్పూన్లు, ఉప్పు- తగినంత.

తయారుచేసే విధానం: ముందురోజు రాత్రి గింజలు ఏరి, కడిగి, లీటరుంబావు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలిపి నానబెట్టాలి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానితే చాలు. పొద్దున్నే ఆ నీళ్లు వంపేసి, గింజల్ని రెండుసార్లు కడగాలి. పైకి తేలినవీ, నానకుండా చిన్నగా రాళ్లలా మిగిలినవీ ఏరి పారేయాలి.

గింజలు మునిగి పైన రెండంగుళాలు నిలిచేలా కొత్త నీళ్లు పోసి, మూత లేకుండా పెద్దమంట మీద పది నిమిషాలు మరిగించాలి. తేలిన నురగ తీసేయాలి. తర్వాత కుక్కర్ మూతపెట్టి నాలుగైదు విజిల్స్ వచ్చాక, మంట తగ్గించి మరో పావుగంట ఉంచాలి. కుక్కర్ లేకపోతే విడిగా గంట, గంటన్నర మరిగిస్తూ ఉడికించాలి. ఒక గింజని రెండు వేళ్లతో నొక్కితే వెన్నలా నలగాలి. లోపల తెల్లటి పలుకు కనిపిస్తే ఇంకాస్త ఉడికించాల్సిందే. ఉడికించిన నీళ్లు పారబోయకూడదు. చిక్కదనమంతా వాటిలోనే ఉంటుంది.

మందపాటి గిన్నెలో నెయ్యి వేడిచేసి ఉల్లిపాయ ముక్కల్ని సన్నటి మంట మీద బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి. తొందరపడకూడదు, ఇరవై నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. తర్వాత వెల్లుల్లి, పసుపు, కారం వేసి, టొమాటోల్ని మిక్సీ పట్టి పోయాలి. పచ్చివాసన పోయి, అంచుల్లో నెయ్యి తేలేదాకా ఉడకనిచ్చి, అప్పుడు గింజల్ని వాటి నీళ్లతో సహా పోయాలి. బెల్లం, చింతపండు గుజ్జు, ఉప్పు, మిరియాలపొడి కలపాలి. ఆవపొడిని కాస్త చల్లటి నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచి వేస్తే ఘాటు బాగా వస్తుంది.

ఇప్పుడు అసలు పని. పొయ్యి మీద ఇనప పెనం పెట్టి, దానిమీద గిన్నె ఉంచి, మూతపెట్టి, మంట వీలైనంత తగ్గించాలి. పెనం ఉండటంవల్ల అడుగంటదు. గంట నుంచి గంటన్నర మగ్గనివ్వాలి. గరిటెతో అస్తమానం కలిపితే గింజలు చితుకుతాయి. అప్పుడప్పుడూ గిన్నెని పట్టుకుని కుదిపితే చాలు. నీళ్లు తగ్గితే వేడినీళ్లే పోయాలి. చివరి అరగంట మూత తీసేస్తే రసం చిక్కబడి గింజకి పట్టుకుంటుంది. ఓవెన్ ఉన్నవాళ్లు మూతపెట్టిన మట్టిపాత్రలో నూటయాభై డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచి, చివర్లో మూత తీసి మరో అరగంట ఉంచవచ్చు. పెరట్లో దాలి ఉన్న అదృష్టవంతులైతే, మట్టికుండలో పోసి అందులో పెట్టేస్తే ఇంకేం కావాలి!

దించాక పావుగంట ఆగి వడ్డించాలి. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కాస్త పల్చగా ఉన్నప్పుడే దించడం మేలు. మన పులుసుల్లాగే ఇదీ మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది.

ఏ బెల్లమైతే మంచిది?

మిఠాయిలకి తెల్లగా, బంగారు రంగులో మెరిసే దిమ్మల్ని ఏరుకుంటాం. దీనికి మాత్రం ముదురు గోధుమరంగు బెల్లమే సరైంది. మొలాసిస్‌లో ఉండే కాస్త వగరు, కాస్త కమ్మదనం ముదురు బెల్లంలోనే దొరుకుతాయి. పైగా మరీ తెల్లగా కనిపించే బెల్లానికి ఆ రంగు రావడానికి హైడ్రోస్ లాంటి రసాయనాలు కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. రంగు తక్కువైనా రుచి ఎక్కువున్న బెల్లాన్ని ఎంచుకుంటే నాలుకకీ, ఒంటికీ కూడా మంచిది. బెల్లంలో ఇసుకో నలకలో ఉంటాయనిపిస్తే అరగ్లాసు వేడినీళ్లలో కరిగించి వడకట్టి పోసుకోవాలి.

దేనితో తింటే బాగుంటుంది?

ఇంగ్లండువాళ్లు కాల్చిన బ్రెడ్డు మీద వేసుకుంటారు. పిల్లల టిఫినుకి అదీ బాగుంటుంది. కానీ మనింట్లో దీనికి జతలు చాలానే ఉన్నాయి. చపాతీ, పూరీలతో బంగాళాదుంప కూరకి బదులుగా పెట్టొచ్చు. పెసరట్టులోనో దోసెలోనో మధ్యలో పెట్టి మడిచిస్తే మారాం చేసే పిల్లలు కూడా మాట్లాడకుండా తినేస్తారు. వేడన్నంలో వేసుకుని పక్కన అప్పడం నంజుకున్నా, చోడిపిండి రొట్టె ముంచుకుని తిన్నా మజాగా ఉంటుంది. వాన కురుస్తున్న సాయంత్రమైతే ఏమీ అక్కర్లేదు, చిన్న గిన్నెలో వేసుకుని చెంచాతో తినేయడమే!

ఇలా అన్నంతోనో రొట్టెతోనో కలిపి తినడంలో మరో లాభం ఉంది. వంద గ్రాముల ఎండు రాజ్మాలో 20 నుంచి 23 గ్రాముల ప్రొటీన్, 15 గ్రాములకు పైగా పీచు ఉంటాయి. గింజల్లో తక్కువగా ఉండే అమైనో ఆమ్లాలు ధాన్యంలో, ధాన్యంలో తక్కువగా ఉండేవి గింజల్లో దొరుకుతాయి. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. మాంసం తినని ఇళ్లకీ, ఎదిగే పిల్లలకీ ఇది చవకలో దొరికే బలం. పప్పుగింజల విలువని గుర్తించే ఐక్యరాజ్యసమితి 2016ని వాటి సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి పదో తేదీన ప్రపంచ పప్పుధాన్యాల దినోత్సవమూ జరుగుతోంది.

ఇవి గుర్తుంచుకోండి...

* రాజ్మా తింటే కడుపు ఉబ్బరిస్తుందని కొందరు దూరం పెడతారు. చిన్నపేగులో అరగని కొన్ని చక్కెరలు పెద్దపేగులో పులియడం వల్ల అలా అవుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోస్తే ఇబ్బంది కొంత తగ్గుతుంది. మొదట్లో నాలుగైదు చెంచాలతో మొదలుపెట్టి అలవాటు చేసుకోవాలి. కాస్త ఇంగువ, వాము వేసినా మంచిదే.

* మధుమేహం ఉన్నవాళ్లకి గింజ మేలే కానీ, బెల్లం కూడా చక్కెరే అని మరిచిపోకూడదు. వాళ్లకి విడిగా బెల్లం లేకుండా, బాగా వేయించిన ఉల్లిపాయ, పండు టొమాటోల తీపితోనే చేసిపెట్టొచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే తినాలి. గింజల్లో పొటాషియం ఎక్కువ.

* మిగిలితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు రోజుల దాకా బాగుంటుంది. తినేటప్పుడు అంతా పొగలు కక్కేలా వేడిచేయాలి. డీప్‌ఫ్రీజర్లో నెల దాటినా ఉంటుంది.

* ఊరగాయలా సీసాలో పోసి, మూత బిగించి, బయట నిల్వ చేయాలని మాత్రం ప్రయత్నించొద్దు. గాలి చొరని చోట ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పెరగవచ్చు. కర్మాగారాల్లో టిన్నుని అధిక ఒత్తిడిలో, వంద డిగ్రీలు దాటిన వేడి మీద శుద్ధిచేస్తారు. మన వంటింట్లో ఆ పని కుదరదు.

* గింజలు ఎంతకీ ఉడక్కపోతే తప్పు మీది కాదు, గింజ పాతదై ఉంటుంది, లేదా నీళ్లు చౌడు నీళ్లయి ఉంటాయి. చిటికెడు తినేసోడా వేస్తే దారికొస్తుంది. ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది, జాగ్రత్త.

మాడుగుల మీదుగా వెళ్లేవాళ్లు హల్వా పొట్లం కొనకుండా కదలరు. పాడేరు, అరకు చూసొచ్చేవాళ్లు కాఫీపొడి, మిరియాలు తెచ్చుకుంటారు. ఈసారి ఆ సంచిలో ఓ కిలో రాజ్మాకి కూడా చోటివ్వండి. కొండమీద సంతలో ముందు గింజలు పోసుకుని కూర్చున్న రైతు దగ్గరే కొంటే ఆ నాలుగు డబ్బులూ నేరుగా పండించిన చేతికే అందుతాయి. దార్లో బెల్లం ఎలాగూ దొరుకుతుంది. శనివారం రాత్రి నానబెట్టి, ఆదివారం పొద్దున్న పొయ్యెక్కిస్తే సరి. పత్రిక చదవడం పూర్తయ్యేసరికి వంటింట్లోంచి కమ్మటి వాసన రావడం ఖాయం!